బీఎస్సీ తర్వాత ఎంపీహెచ్ చేస్తే డాక్టర్ కానివాళ్ళకి ఉద్యోగం వస్తుందా?

అడిగిన అమ్మాయి ఉదయగిరి వైపు పల్లె నుంచి, కావలిలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనల్ ఇయర్ చదువుతా ఉంది. మెడిసిన్ సీటు రాలేదు, ఎవరో ఎంపీహెచ్ అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ చెయ్యమన్నారంట, ఒక ప్రైవేట్ యూనివర్సిటీ వాళ్ళు రెండేళ్ళకి ఐదు లక్షలు చెప్పారంట, నాన్నేమో బీఈడీ చేసి టీచర్ పోస్టుకి ప్రిపేర్ అవ్వమంటున్నాడు. డాక్టర్ కాకపోతే ఇందులో ఉద్యోగాలు ఉంటాయా, ఏ ఉద్యోగాలు, ఇంట్లో ఏమని చెప్పాలి అని అడిగింది.

మా చెల్లెలి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తా, ఏమనుకోవద్దమ్మా.

ముందు జవాబు చెప్పేస్తా. చెయ్యొచ్చు, మంచి చదువే, ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ డిగ్రీ అవ్వగానే వద్దు, అప్పు చేసి ఆ ఐదు లక్షలు కట్టి అయితే అసలే వద్దు. ఒక ఏడాది ఏదన్నా సర్వేలోనో రీసెర్చ్ ప్రాజెక్టులోనో చేరి ఊళ్ళు తిరుగు, ఆ తిరుగుడు నీకు నచ్చితే అప్పుడు మంచి చోట సీటు కోసం రాయి. మెడిసిన్ రాలేదు కాబట్టి ఇదన్నా చేద్దాం అని వస్తే మాత్రం మొదటి సంవత్సరంలోనే నీరసపడతావు, ఎందుకంటే ఇందులో స్టెతస్కోప్ ఉండదు, రోగిని పరీక్ష చేసేది ఉండదు, మందు రాసే హక్కు ఉండదు. ఎక్కువగా ఉండేది లెక్కపెట్టడం, అడగడం, రాసుకోవడం, మళ్ళీ ఎండలో ఇంకో ఇంటికి పోవడం.

నేను పొదిలి పక్క ఊరిదాన్ని. డిగ్రీ అయినాక రెండేళ్ళు సర్వేల్లో చేసి, హైదరాబాద్ లో ఎంపీహెచ్ చదివి, పదిహేడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, కొన్నాళ్ళు కాంట్రాక్ట్ పోస్టులో, కొన్నాళ్ళు రీసెర్చ్ ప్రాజెక్టుల్లో, ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ టీమ్ ని చూసుకుంటా ఉన్నా.

ఈ చదువు ఏందో అర్థం కావాలంటే మన నేల మీద జరిగిందే చెప్పాలి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అని ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలో జనానికి నడుములు వంగిపోయి కీళ్ళు బిగుసుకుపోవడం గమనించి, దానికి కారణం తాగే నీళ్ళల్లో ఉన్న ఫ్లోరైడ్ అని తేల్చి రాశారు. మన దేశంలో ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి మొదటి రిపోర్ట్ అదే. అప్పట్లో దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు ఇటు కలిశాయి, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. ఫ్లోరోసిస్ నివారణకి జాతీయ కార్యక్రమం మొదలయ్యింది 2008-09లో, ముందుగా తీసుకున్న ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కారణం తెలిసింది 1937లో, కార్యక్రమం వచ్చింది డెబ్బై ఏళ్ళ తర్వాత. మా అమ్మమ్మ ఈ రెంటి మధ్యలోనే పుట్టి, పెరిగి, వంగిపోయి, పోయింది. ఆమె గడ్డం ఛాతీకి ఆనేది కాదు, చేతులు తల వెనక్కి పోయేవి కావు, జడ వెయ్యాలంటే మా అమ్మ వెయ్యాల్సిందే. అది వయసు వల్ల కాదని, ఫ్లోరోసిస్ ఉందేమో చూడటానికి ఊళ్ళల్లో చేయించే సులువు పరీక్షలే అవని నాకు క్లాసులో కూర్చున్నప్పుడు తెలిసింది. ఆ రోజు హాస్టల్ కి పోయి అన్నం తినలేదు నేను.

జబ్బుకి కారణం కనుక్కోవడం సగం పని. కనుక్కున్నది ఊరిదాకా, వంటింటి కుండదాకా తీసుకుపోవడం మిగతా సగం, దానికే మనుషులు చాలట్లేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్తా. ఎంపీహెచ్ అయిన కొత్తల్లో కనిగిరి వైపు ఊళ్ళల్లో నీళ్ళ సర్వే చేశాం. ఫారంలో "తాగే నీళ్ళు ఎక్కడివి" అని ఒక ప్రశ్న, కింద కుళాయి, బోరు, బావి, ప్లాంటు నీళ్ళు అని ఆప్షన్లు. ఎక్కువ ఇళ్ళల్లో ప్లాంటు నీళ్ళే, ఇరవై లీటర్ల క్యాన్. నేను సంతోషంగా రిపోర్ట్ రాయడం మొదలుపెట్టా, జనం మారిపోయారు, ఇంక పర్వాలేదు అని. మర్నాడు ఒకావిడ ఇంట్లో కూర్చుని ఉంటే ఆమె నా ఎదురుగానే పప్పు కడిగి, ఎసరు పెట్టి, బోరు బిందెలో నీళ్ళు ముంచి పోసింది. అదేందమ్మా క్యాన్ ఉంది కదా అంటే, "క్యాన్ కొనేది తాగేదానికి పాపా, కూటికీ కూరకీ కూడా అయ్యే పోస్తే రోజుకి రెండు క్యాన్లు, యాడ తెచ్చేది" అనింది. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్ళు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అంటే గ్లాసులో పోనిది కంచంలో పోతా ఉంది. మేం ఫారం మార్చి, "వండే నీళ్ళు ఎక్కడివి" అని ఇంకో లైన్ కలిపి, అప్పటికే తిరిగొచ్చిన ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగాం. తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పుడు నా టీమ్ లో ఎవరు చేరినా మొదటి వారం ఫారం చేతికివ్వను, ఊరికే వంటింటి గడప దగ్గర కూర్చుని చూసి రమ్మంటా.

కోర్సులో ఏం చెప్తారని కూడా అడిగావు. ఎపిడమియాలజీ, బయోస్టాటిస్టిక్స్ అంటే ఆరోగ్య లెక్కల శాస్త్రం, పర్యావరణ ఆరోగ్యం, పోషకాహారం, హెల్త్ మేనేజ్‌మెంట్, పాలసీ, సామాజిక శాస్త్రాలు, చివర్లో ఒక ప్రాజెక్టు. పేర్లు చూసి భయపడొద్దు. మొదటి రెండూ గట్టిగా వస్తే చాలు, మిగతావి పనిలో నేర్చుకోవచ్చు. ఎపిడమియాలజీ అంటే ఏందో పుస్తకం మాటల్లో కాకుండా చెప్తా.

ఒక ఊళ్ళో ఒకే రాత్రి వాంతులు విరేచనాలు మొదలయ్యాయి. మేం వెళ్ళేసరికి ఆరోగ్య కేంద్రం వరండాలో సెలైన్ సీసాలు కిటికీ ఊచలకి కట్టి ఉన్నాయి, డాక్టర్ గారు, నర్సమ్మలు ఊపిరి తీసుకోకుండా పనిచేస్తా ఉన్నారు. ఊరంతా చెప్పేది ఒకటే, ముందురోజు గుళ్ళో అన్నదానం జరిగింది, పులిహోరలో ఏదో పడింది అని. ఆ వంటాయన మీదికి అప్పటికే గొడవకి కూడా పోయారు. మేం చేసింది లైన్ లిస్ట్ రాయడం, అంటే జబ్బు పడ్డ ఒక్కొక్కరి పేరు, వయసు, వీధి, ఎన్నింటికి మొదలైంది, ఏం తిన్నారు, ఏ నీళ్ళు తాగారు. 46 మంది తేలారు. అన్నదానం తిన్నవాళ్ళలో ఎంతమందికి వచ్చింది, తిననివాళ్ళలో ఎంతమందికి వచ్చింది అని విడదీసి చూస్తే పెద్ద తేడా లేదు. ఎనిమిది నెలల పిల్లాడు కూడా ఉన్నాడు ఆ లిస్టులో, వాడు పులిహోర తినలేదు కదా, పాలపొడి నీళ్ళల్లో కలిపి పట్టారు. వీధి ప్రకారం పెట్టి చూస్తే 46 మందిలో 39 మంది పక్కపక్కన ఉన్న రెండు వీధులవాళ్ళే.

ఆ వీధుల మొదట్లో వాల్వ్ గుంత ఉంది, దాన్నిండా మురిక్కాలవ నీళ్ళు. నీళ్ళు వదలడం ఆగినప్పుడు పైపులో ప్రెషర్ పోయి, లీకు ఉన్న చోట బయట మురుగు లోపలికి గుంజుకుంటుంది. ట్యాంకు దగ్గర కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే పసుపు రంగు తిరిగింది, ఆ వీధి చివర కుళాయిలో పట్టిన నీళ్ళల్లో వేస్తే రంగే రాలేదు. ఇంటి కుళాయి దాకా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గుంత ఎండగట్టి, లీకు కట్టి, ఇంటింటికీ క్లోరిన్ బిళ్ళలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచాక నాలుగు రోజుల్లో కొత్త కేసులు ఆగాయి. మా కాగితం చూపించి సర్పంచ్ గారే ఆ వంటాయన ఇంటికి పోయి చెప్పొచ్చాడు. రెండు రోజులు బయటికి రాకుండా తలుపేసుకుని కూర్చున్నాడంట ఆయన, పాపం.

అక్కడ ప్రాణాలు కాపాడింది డాక్టర్లు, నర్సులు, అందులో రెండో మాట లేదు. కానీ మర్నాడు ఇంకో నలభై మంది ఆ వరండాకి రాకుండా ఆపింది ఒక పెన్ను, ఒక లిస్టు, ఒక వీధుల మ్యాప్. ఇది నీకు బాగుంది అనిపిస్తే ఈ చదువు నీదే.

ఇంకో సంగతి, పబ్లిక్ హెల్త్ అంటే సూదులు, దోమల మందు మాత్రమే కాదు. 1992లో నీ జిల్లాలోనే దూబగుంటలో రోశమ్మ, మిగతా ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటా మొదలుపెట్టిన మాటలు అవి, జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధించే దాకా పోయింది. మా క్లాసులో ఎక్కడెక్కడి దేశాల ఉదాహరణలో చెప్తా ఉంటే నేను చెయ్యెత్తి ఇది చెప్పా. ఆ మాస్టారు మర్సటి ఏడాది నుంచి ఆయన క్లాసులో దూబగుంట చెప్తా ఉన్నాడు.

ఇంక ఉద్యోగాలు. ఇక్కడ చాలామంది కన్సల్టెన్సీల వాళ్ళు, కాలేజీల వాళ్ళు తేనె పూసి చెప్తారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా.

గవర్నమెంట్ పర్మనెంట్ ఉద్యోగం కోసమే అయితే ఎంపీహెచ్ చెయ్యొద్దు. ఊళ్ళో హెల్త్ క్లినిక్ లో ఉండే సీహెచ్‌ఓ, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకి బీఎస్సీ నర్సింగ్ కావాలి, ఏఎన్ఎం పోస్టుకి ఆ ట్రైనింగ్ కావాలి, మెడికల్ ఆఫీసర్, జిల్లా స్థాయి ఆఫీసర్ పోస్టులకి ఎంబీబీఎస్ కావాలి. బీఎస్సీ మైక్రోబయాలజీ మీద ఎంపీహెచ్ చేసినవాళ్ళకి ఎక్కువగా దొరికేవి నేషనల్ హెల్త్ మిషన్ కింద కాంట్రాక్ట్ పోస్టులు, ఎపిడమియాలజిస్ట్, డేటా మేనేజర్, ప్రోగ్రాం కోఆర్డినేటర్, కన్సల్టెంట్ లాంటివి. అన్నిట్లో ఒకే అర్హత ఉండదు, కొన్నిట్లో డాక్టర్లకే అని రాస్తారు, నోటిఫికేషన్ లో ఆ లైన్ ముందు చదువు. ఏడాదికోసారి రెన్యువల్. పని మాత్రం నిజమైన పని, ప్రతి వారం ఏ మండలంలో ఎన్ని జ్వరాలు, ఎన్ని డెంగీలు, ఎన్ని విరేచనాలు అని చూసి ఎక్కడో తేడా కొడితే ముందు పసిగట్టాల్సింది నువ్వే.

రీసెర్చ్ లైను నీకు ఇంకా దగ్గర. ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి కింద చెన్నైలో ఎపిడమియాలజీ సంస్థ ఉంది, టీబీ పరిశోధన సంస్థ ఉంది, హైదరాబాద్ లో 1918లో కూనూర్ లో పుట్టి 1958లో ఇటు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వీటి ప్రాజెక్టుల్లో టెక్నికల్ సపోర్ట్, రీసెర్చ్ సైంటిస్ట్ అని పోస్టులు పడతా ఉంటాయి, ల్యాబ్ తెలిసిన, తెలుగు పల్లెల్లో మాట్లాడగలిగిన పిల్లలకి అక్కడ విలువ ఉంటుంది. మన నెల్లూరోళ్ళకి చెన్నై రైలు పక్కనే కదా, ఇది చాలామందికి తట్టదు, అందరూ హైదరాబాదే చూస్తారు. దోమలు, కీటకాల వైపు ఇష్టముంటే పుదుచ్చేరిలో ఐసీఎంఆర్ వాళ్ళ వెక్టర్ కంట్రోల్ సంస్థలో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ అని ఎమ్మెస్సీ ఉంది, అర్హత నీకు సరిపోతుందేమో ప్రాస్పెక్టస్ లో చూసుకో.

ఇవి కాక స్వచ్ఛంద సంస్థలు, సర్వే ఏజెన్సీలు, ఆరోగ్య బీమా కంపెనీలు, ఆసుపత్రుల్లో క్వాలిటీ విభాగాలు, మందుల కంపెనీల్లో సైడ్ ఎఫెక్ట్స్ నమోదు చేసే ఉద్యోగాలు. ఆసుపత్రి నడపడమే ఇష్టమైతే దానికి వేరే కోర్సు ఉంది, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, రెండూ ఒకటే అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు.

విదేశం గురించి నువ్వు అడగలేదు కానీ అడ్మిషన్ల వాళ్ళు చెవిలో వేస్తారు కాబట్టి చెప్తా, ముప్పై నలభై లక్షల లోన్ తీసి అమెరికాలో ఎంపీహెచ్ అనే ఆలోచన ఇప్పుడు పెట్టుకోవద్దు. 2025లో అక్కడి ఆరోగ్య శాఖలోనే పదివేల ఉద్యోగాల కోత ప్రకటించారు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే అది వేరే సంగతి.

జీతం సంగతి దాచను. నా మొదటి సర్వే జీతం నెలకి 6,000, ఎంపీహెచ్ తర్వాత మొదటి జీతం 14,000. ఒక ప్రాజెక్టులో మూడు నెలలు జీతం పడలేదు, ఫండ్స్ రాలేదంటారు, అద్దె మాత్రం ప్రతి నెలా వస్తుంది కదా. అప్పుడు మా తమ్ముడు పంపిన డబ్బులతో నెట్టుకొచ్చా. పదేళ్ళు దాటినాక నిలదొక్కుకున్నా. నాతో చదివినవాళ్ళలో డేటా బాగా పట్టుకున్నవాళ్ళు నాకంటే ముందే ఎదిగారు, ఒకావిడ ఇప్పుడు పెద్ద స్టడీలకి లెక్కలు చూసే స్థాయిలో ఉంది. అందుకే చెప్తున్నా, ఎక్సెల్ రావడం కాదు, లెక్కలు చేసే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకో. ఆర్, మ్యాపులు గీసే క్యూజిస్ రెండూ ఫ్రీగా దొరుకుతాయి. కావలి హాస్టల్ లో కూర్చుని ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.

కాలేజీ విషయానికొస్తే, హైదరాబాద్ లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలో అచ్యుత మీనన్ సెంటర్, వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్మర్, ముంబైలో టిస్ అంటే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఇవి పేరున్నవి. ఒక్కోచోట అర్హత ఒక్కో రకం, కొన్ని చోట్ల మెడికల్, నర్సింగ్ లాంటి డిగ్రీవాళ్ళకే ఎక్కువ అవకాశం, కొన్ని చోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు, అనుభవం ఉంటే అదనంగా చూస్తారు, నేను ముందు ఒక ఏడాది పని చెయ్యమన్నది అందుకు కూడా. ఆ ఐదు లక్షల కాలేజీకి ఫోన్ చేసి ఫీజు సంగతి వదిలేసి మూడు విషయాలు అడుగు. మీ పిల్లలు ఏ ఊళ్ళల్లో ఫీల్డ్ పని చేస్తారు, ఆ ఊరి పేరేంది. బయోస్టాటిస్టిక్స్ ఎవరు చెప్తారు. పోయిన బ్యాచ్ లో నలుగురి నంబర్లు ఇస్తారా. బ్రోషర్ చూడండి మేడం అన్నారంటే నీకు జవాబు వచ్చేసినట్టే.

ఆడపిల్ల ఊళ్ళమ్మట ఎట్లా తిరుగుతుంది అని మీ అమ్మ అడుగుతుంది, మా అమ్మా అడిగింది. ఒంటరిగా తిరగం, ఆశా కార్యకర్త తోడు లేకుండా ఏ ఇంటి గడపా తొక్కం, చీకటి పడకముందే మండల కేంద్రానికి వచ్చేస్తాం, నా టీమ్ లో ఇది రూల్. ఆశాలతో మర్యాదగా ఉండు. ఏ ఇంట్లో ఎవరు గర్భిణి, ఎవరు మందులు మానేశారు, ఎవరు వలస పోయారు అన్నీ వాళ్ళకి తెలుసు, మనకంటే తక్కువ జీతానికి మనకంటే ఎక్కువ పని చేస్తారు.

ఒక హెచ్చరిక. ఊళ్ళో నిన్ను డాక్టరమ్మా అని పిలుస్తారు, చెయ్యి చాపి నాడి చూడమంటారు, మోకాళ్ళ నొప్పికి ఏదన్నా బిళ్ళ చెప్పమంటారు. మొహమాటానికి కూడా చెప్పొద్దు. నేను డాక్టర్ని కాదమ్మా అని మొదటి రోజే చెప్పేసి ఆరోగ్య కేంద్రానికి పంపు. ఒక్కసారి బిళ్ళ పేరు చెప్పావా, ఆ తర్వాత నువ్వేం అడిగినా నిజం చెప్పరు, మందు కోసం ఉన్న జబ్బులు లేని జబ్బులు చెప్తారు, నీ ఫారం అంతా పాడైపోతుంది. అది కాక ఒక ప్రాణంతో ఆట.

మీ నాన్న చెప్పేది కూడా తప్పు కాదు. బీఈడీ చేస్తే డీఎస్సీ రాసుకోవచ్చు, ఇంటి దగ్గర ఉండొచ్చు, ఆయన భయం నీ భద్రత గురించి. ఆయనతో వాదన పెట్టుకోకుండా ఒక ఏడాది టైమ్ అడుగు. ఆ ఏడాది సంపాదించేది తక్కువే అయినా ఆయన దగ్గర రూపాయి అడగవు కదా. ఏడాది తర్వాత నీకు నచ్చకపోతే బీఈడీ ఎక్కడికీ పోదు.

ఈలోపు ఒక పని చెయ్. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ వీధిలో ఇరవై ఇళ్ళకి పో, తాగే నీళ్ళు ఏవి, వండే నీళ్ళు ఏవి, ఇంట్లో ఎవరికన్నా పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉన్నాయా, కిందకి వంగి కాలివేళ్ళు అందుకోలేని వాళ్ళు ఉన్నారా, ఒక నోట్‌బుక్ లో గీతలు గీసుకుని రాయి. ఆ వీధివాళ్ళు వాడే బోరు నీళ్ళు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టి గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్ లో ఇవ్వు, ఫ్లోరైడ్ ఎంతుందో చెప్తారు, లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళే లేకపోతే 1.5 దాకా. ఆ కాగితం, నీ నోట్‌బుక్ పక్కపక్కన పెట్టి చూసుకో. నీకేం కనపడిందో ఇక్కడ ఇదే ప్రశ్న కింద రాయి, నేను చూస్తా.